సమస్య వేరు, మనిషి వేరు

ఒక మనిషి జీవితంలో జరిగినవన్నీ ఆ మనిషి చెప్పుకునే జీవితకథలో ఉండవు. నలభై ఏళ్ళు నిండినవారికి 14,600కు పైగా రోజులు గడిచిపోయి ఉంటాయి. 'మీ గురించి చెప్పండి' అని ఎవరైనా అడిగితే నోటికి వచ్చేవి మాత్రం ఏ ఇరవయ్యో ముప్ఫయ్యో సంఘటనలు. పదో తరగతి మార్కులు, నాన్న అన్న ఒక మాట, చేజారిన ఉద్యోగం, పెళ్ళి, ఇంట్లో ఒక చావు. ఈ కొద్దింటిని వరసగా పేర్చి, ఒకదానికి ఇంకొకటి కారణమని ముడివేసి, చివర 'అందుకే నేనిలా ఉన్నాను' అని తేల్చుకుంటే అది జీవితకథ అవుతుంది. మిగిలిన వేల రోజులు దారానికి ఎక్కని పూలలా బుట్ట అడుగున ఉండిపోతాయి.

ఏ సంఘటన దండలోకి ఎక్కింది, ఏది ఎక్కలేదు, ఎక్కించిన చెయ్యి ఎవరిది? కథన చికిత్స అనే కౌన్సెలింగ్ పద్ధతి ఈ ప్రశ్నల దగ్గరే మొదలవుతుంది. నెరేటివ్ థెరపీ అనే పేరుతో ఇది ప్రపంచమంతటా ప్రచారంలో ఉంది. జరిగినదాన్ని మార్చడం దీని ఉద్దేశం కాదు. చేదు అనుభవానికి తియ్యటి ముగింపు తగిలించడం అసలే కాదు. కథలో చోటు దొరకని సంఘటనలను వెదికి తెచ్చి, వాటితో ఇంకో దండ కట్టడానికి మనిషికి తోడుగా కూర్చోవడమే ఇందులో కౌన్సెలర్ పని.

ఇది సాధ్యమని నమ్మడానికి ఆధారం జ్ఞాపకం పనిచేసే తీరులోనే ఉంది. కేంబ్రిడ్జ్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లండ్‌లోని పాఠకుల చేత చదివించి, కొన్నాళ్ళు ఆగి తిరిగి చెప్పమన్నారు. వాళ్ళు కథను మరిచిపోవడమే కాదు, మార్చేశారు కూడా. తమకు వింతగా తోచిన చోట్లను వదిలేశారు, అర్థం కానిచోట తమకు తెలిసిన కారణాలు చేర్చారు. 1932లో అచ్చయిన ఆయన పుస్తకం చెప్పిన సంగతి నేటికీ నిలబడి ఉంది. జ్ఞాపకం పెట్టెలో దాచిన ఫొటో కాదు, తీసిన ప్రతిసారీ కొత్తగా అల్లుకునే అల్లిక. ఆ అల్లికకు ఆధారమయ్యే నమూనా మనిషి తన గురించి అప్పటికే నమ్ముతున్న కథే. 'నేను దేనికీ పనికిరాను' అన్న కథ స్థిరపడ్డాక, పనికొచ్చిన రోజులు గుర్తుకురావడం మానేస్తాయి. గుర్తొచ్చినా 'అదేదో అదృష్టం' అనిపిస్తుంది. కథే సాక్ష్యాలను ఏరుతుంది, ఏరిన సాక్ష్యాలు కథను గట్టిపరుస్తాయి.

అమెరికన్ మనస్తత్వవేత్త డాన్ మెక్‌ఆడమ్స్ 1980ల నుంచి వేలాది జీవితకథలను విశ్లేషిస్తున్న పరిశోధన రంగానికి పునాది వేశారు. మనుషులు తమ బతుకును చెప్పే తీరులో రెండు మలుపులను ఆయన ప్రత్యేకంగా గుర్తించారు. ఒకటి, చెడుతో మొదలై ఏదో ఒక మంచికి చేరే మలుపు: ఉద్యోగం పోయింది, దానివల్లే సొంతకాళ్ళ మీద నిలబడటం తెలిసింది. రెండోది, మంచిని చెడు పాడుచేసే మలుపు: ఇల్లు కట్టుకున్నాం, గృహప్రవేశం నాటి గొడవతో అన్నదమ్ములు విడిపోయారు, ఇక ఆ ఇంట్లో సుఖం లేదు. రెండో రకం మలుపులు ఎక్కువగా ఉన్న కథల్లో కుంగుబాటు ఎక్కువగా కనిపిస్తుంది. అయితే ఇది పరిశీలన మాత్రమే. కథను మార్చడానికి చేతిలో పట్టుకునే పనిముట్లు వేరేచోట తయారయ్యాయి.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో మైకేల్ వైట్ సోషల్ వర్కర్. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో డేవిడ్ ఎప్‌స్టన్ కుటుంబాల కౌన్సెలర్, మానవశాస్త్రం చదువుకున్న మనిషి. 1980లలో వీళ్ళిద్దరి స్నేహం లోంచి కథన చికిత్స పుట్టింది. 1983లో ఈ పనికి కేంద్రమైన డల్విచ్ సెంటర్ అడిలైడ్‌లో ఏర్పడింది. 1990లో ఇద్దరూ కలిసి రాసిన పుస్తకంతో ఈ పద్ధతి దేశాలు దాటింది. 2008లో వైట్ చనిపోయేనాటికి ఆఫ్రికా నుంచి లాటిన్ అమెరికా దాకా దీన్ని అనుసరించే కౌన్సెలర్లు ఉన్నారు.

వైట్ ఆలోచనల వెనక ఫ్రెంచి తత్త్వవేత్త మిషెల్ ఫూకో ప్రభావం బలంగా ఉంది. ఆధునిక సమాజం మనుషులను కర్రతో కాక కొలతతో అదుపు చేస్తుందని, జైలు కావలిగోపురంలోని కావలివాడు కనిపించకపోయినా చూస్తున్నాడేమోనన్న అనుమానంతో ఖైదీ తనను తానే కాపలా కాసుకుంటాడని ఫూకో వివరించారు. తెలుగువారికి ఈ సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది. 'నలుగురూ ఏమనుకుంటారు' అన్న ఒక్క మాటలో ఆ కావలిగోపురం మొత్తం ఉంది. ఆ నలుగురి పేర్లు అడిగితే ఎవరూ చెప్పలేరు, కానీ వాళ్ళ కొలబద్ద ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఇన్నేళ్ళకు ఉద్యోగం, ఇన్నేళ్ళకు పెళ్ళి, ఇన్నేళ్ళకు పిల్లలు. మనిషి తనను తాను ఓడిపోయినవాడిగా చెప్పుకునే కథలో చాలా వాక్యాలు ఈ కొలబద్ద రాసినవే. అందుకే ఈ పద్ధతిలో లోపం మనిషి లోపల ఉందని ముందే అనుకోరు. ఆ కథ ఎక్కడ తయారైందో ముందు వెదుకుతారు.

మొదటి పనిముట్టు సమస్యను మనిషి నుంచి బయటికి తీసి పక్కన కూర్చోబెట్టడం. దీన్ని బహిర్గతం చేయడం అనవచ్చు. చెప్పడానికి చాలా చిన్న మార్పు. 'నువ్వు ఎందుకింత భయస్తుడివి' అనే బదులు 'ఈ భయం నీ దగ్గరికి ఎప్పుడు వస్తుంది' అని అడగడం. ఇంగ్లిష్‌లో ఇది కాస్త కృతకంగా ధ్వనిస్తుంది, ఎందుకంటే ఆ భాషలో మనిషే భయం అయిపోతాడు, మనిషే కోపం అయిపోతాడు. తెలుగు వ్యాకరణం ఈ పనిని ఎప్పటినుంచో చేస్తోంది. నాకు కోపం వచ్చింది. భయం వేసింది. విసుగు పుట్టింది. దిగులు పట్టుకుంది. ఈ వాక్యాల్లో పని చేసేది కోపమూ భయమూ దిగులూ. మనిషి ఆ అతిథి వచ్చిన ఇంటి యజమాని. వచ్చింది కనక పోవచ్చు, పట్టుకుంది కనక వదలవచ్చు అన్న సూచన వాక్య నిర్మాణంలోనే ఉంది.

ఇదే భాషలో రెండో రకం మాటలు కూడా పుష్కలంగా ఉన్నాయి. పిరికివాడు, కోపిష్టి, మొండిఘటం, మొద్దు, సోమరి, తాగుబోతు. ఇక్కడ వచ్చిపోయేది ఏదీ లేదు, మనిషే ఆ గుణం. 'తాగుడు వాణ్ణి పట్టుకుంది' అన్నప్పుడు విడిపించుకునే దారి ఒకటి కనిపిస్తుంది. 'వాడు తాగుబోతు' అన్నప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. తెలుగు ఇళ్ళలో పిల్లలకు ఐదారేళ్ళకే ఇలాంటి పేరు ఒకటి తగిలించడం, ఇంటికొచ్చిన ప్రతి బంధువు దగ్గరా దాన్ని వల్లించడం మామూలు. ముద్దుగా అన్నా తిట్టుగా అన్నా ఆ పేరు పిల్లవాడి కథకు శీర్షిక అయిపోతుంది. బహిర్గతం చేసే సంభాషణ ఆ శీర్షికను తీసేసి, భాషలో ముందే ఉన్న క్రియావాక్యాన్ని తిరిగి తెస్తుంది.

వైట్‌కు పేరు తెచ్చిన తొలి ఉదాహరణ పిల్లల ఆసుపత్రిలోని పనికి సంబంధించినది. మలవిసర్జన మీద అదుపు రాని పిల్లలతో ఆయన 1980ల మొదట్లో పనిచేశారు, 1984లో దాని మీద వ్యాసం ప్రచురించారు. అలాంటి ఒక ఆరేళ్ళ కుర్రవాడి విషయం 1990 నాటి పుస్తకంలో వివరంగా ఉంది. బట్టలు పాడుచేసుకోని రోజు అరుదు. అంతటితో ఆగక ఆ కుర్రవాడు దాన్ని ఆటవస్తువుగా చేసుకుని గోడలకు పూసేవాడు, సొరుగుల్లో దాచేవాడు. చాలా ప్రయత్నాలు విఫలమయ్యాక తల్లిదండ్రులు అతణ్ణి తీసుకొచ్చారు. కౌన్సెలింగ్‌లో ఆ సమస్యకు 'దొంగ కక్క' అనదగిన ఒక చిలిపి పేరు పెట్టారు. వెంటనే గదిలో వాతావరణం మారింది. నిందితుడు కుర్రవాడు కాడు, చాటుగా వచ్చి మోసం చేసే ఆ దొంగ.

తర్వాత ఆ దొంగ ఎవరెవరిని ఏం చేసిందని ఆరా తీశారు. కుర్రవాణ్ణి తోటి పిల్లలకు దూరం చేసింది. తల్లికి తాను మంచి తల్లినేనా అన్న సందేహం పుట్టించి దిగులులోకి నెట్టింది. తండ్రికి సిగ్గు తెప్పించి స్నేహితుల నుంచి తప్పుకునేలా చేసింది. సమస్య పేరు కుర్రవాడిదే అయినా దాని పాలన ఇంటిల్లిపాదీ మీదా నడుస్తోంది. ఇది తెలిశాక ప్రశ్నలు ఇంకోవైపు తిరిగాయి. అది రమ్మన్నా వెళ్ళని సందర్భం ఏదైనా ఉందా? ఉంది. గోడలకు పూయమని అది పురికొల్పినా కుర్రవాడు ఊరుకున్న రోజులు కొన్ని ఉన్నాయి. తల్లి ఒకసారి దిగులుకు లొంగకుండా పాటలు పెట్టుకుని విన్నది. తండ్రికి అలాంటి జ్ఞాపకం ఏదీ తట్టలేదు, కానీ తన కష్టం ఒక స్నేహితుడికి చెప్పుకోవడానికి సిద్ధపడ్డాడు. రెండు వారాల తర్వాత వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఒక్క చిన్న సంఘటన తప్ప ఏమీ జరగలేదు. ఆరు నెలల తర్వాత ఆరా తీసినప్పుడూ ఆ కుర్రవాడు బాగానే ఉన్నాడు.

ఇందులో గమనించాల్సిన సూక్ష్మం ఒకటుంది. పేరు పెట్టింది తమాషా కోసం కాదు. తల్లిదండ్రులు ఒక జట్టు, పిల్లవాడు ఇంకో జట్టుగా నడిచిన ఇంట్లో ముగ్గురూ ఒక జట్టయ్యారు. సిగ్గు తగ్గినచోట ప్రయత్నానికి ఓపిక వచ్చింది.

ఈ సంభాషణను వైట్ తర్వాతి కాలంలో నాలుగు మెట్లుగా వివరించారు. సమస్యకు పేరు పెట్టాలి, ఆ పేరు బాధపడుతున్న మనిషి నోటి నుంచే రావాలి. డాక్టరు చీటీలోని పేరు కంటే 'గుండెల్లో బండ' అన్న పేరు ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది. తర్వాత అది ఇంట్లో, పనిలో, నిద్రలో, స్నేహాల్లో, మనిషి తన గురించి అనుకునే మాటల్లో ఏమేం చేసిందో లెక్క తీయాలి. మూడో మెట్టు మీద, ఇది మీకు సమ్మతమేనా అని అడగాలి. చాలామందిని ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు, వాళ్ళ తరఫున సమాధానం ఇంకెవరో చెప్పేసి ఉంటారు. నాలుగో మెట్టు, ఎందుకు సమ్మతం కాదు? ఈ 'ఎందుకు' అసలైన తాళంచెవి. 'పిల్లల మీద అరవడం నాకు ఇష్టం లేదు, నా చిన్నప్పుడు ఇంట్లో అరుపులతోనే పెరిగాను' అని ఒక తల్లి అంటే, ఆమె దేన్ని విలువైనదిగా పట్టుకుని ఉందో అక్కడ బయటపడుతుంది. కొత్త కథకు మొదటి పోగు అదే. సమస్యతో యుద్ధం, విజయం అనే భాష ప్రతిచోటా వాడటం మంచిది కాదని కూడా వైట్ హెచ్చరించారు. కొందరు సమస్యతో పోరాడతారు, కొందరు దానికి హద్దులు గీస్తారు, కొందరు దానితో సర్దుకుని బతకడం నేర్చుకుంటారు. ఏ మాట వాడాలో చెప్పాల్సింది బాధపడేవారు.

పాత కథకు లొంగని ఆ చిన్న సంఘటనలు దొరకడమే ఈ పనిలో కీలకం. సామాజికవేత్త ఎర్వింగ్ గోఫ్‌మన్ వాడిన ఒక పదాన్ని తీసుకుని వీటికి విశిష్ట ఫలితాలని పేరు పెట్టారు. దొరికిన సంఘటన చాలా చిన్నదిగా ఉంటుంది. 'శభాష్, చూశావా నువ్వెంత ధైర్యవంతుడివో' అని కౌన్సెలర్ మెచ్చుకుంటే అది అక్కడే చచ్చిపోతుంది. పొగడ్త కూడా బయటివాళ్ళ తీర్పే. ఆ సంఘటన చుట్టూ ప్రశ్నలు అల్లాలి. అమెరికన్ మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ కథలో రెండు రంగస్థలాలు ఉంటాయన్నారు: జరిగింది ఏమిటన్న రంగం ఒకటి, ఆ జరిగినదాని వెనక పాత్రల మనసులో ఉన్నదేమిటన్న రంగం ఇంకొకటి. వైట్ ఈ విభజనను ప్రశ్నలు అడిగే పద్ధతిగా మార్చారు. ప్రశ్నలు ఒక రంగం నుంచి ఇంకో రంగానికి, అక్కడినుంచి వెనక్కి మగ్గంలో నాడెలా తిరుగుతాయి.

ఊహించిన ఒక ఉదాహరణతో ఇది స్పష్టమవుతుంది. ఇంటర్ రెండో సంవత్సరం లెక్కల్లో తప్పిన కుర్రవాడు నెల రోజులుగా గది దాటి రావడం లేదు. తన కథను అతను ఒక్క మాటలో చెబుతాడు: నేను వేస్ట్. సంభాషణలో అతణ్ణి పట్టుకున్నదానికి అతనే 'తలవంపు' అని పేరు పెట్టాడనుకుందాం. ఆ తలవంపు స్నేహితుల ఫోన్లు ఎత్తనివ్వలేదు, అన్నం దగ్గర నాన్న ఎదుట కూర్చోనివ్వలేదు. కానీ సప్లిమెంటరీ ఫీజు కట్టే ఆఖరి రోజున మాత్రం అతను ఒక్కడే బస్సెక్కి కాలేజీకి వెళ్ళాడు. ఆ రోజు ఎలా బయల్దేరావు? తలవంపు వెనక్కి లాగలేదా? లాగింది, మొహానికి మాస్కు పెట్టుకుని వెళ్ళాను. ఇది మొదటి రంగం. అంత కష్టపడి వెళ్ళావంటే దేన్ని వదులుకోకూడదనుకున్నావు? అమ్మ దాచిన డబ్బు అది, వృథా చేయలేను. ఇది రెండో రంగం. ఇంకొకరి కష్టాన్ని ఇలా లెక్కలోకి తీసుకోవడం నీకు ముందునుంచీ ఉన్నదేనా? తాతయ్యకు కంటి ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రిలో రాత్రిళ్ళు నేనే ఉన్నాను. మళ్ళీ మొదటి రంగం, ఈసారి కొన్నేళ్ళ వెనక్కి. నిన్న మొన్నటి బస్సు ప్రయాణానికి ఇప్పుడు ఒక చరిత్ర దొరికింది. మార్కుల కథ అబద్ధం కాలేదు, పరీక్ష తప్పింది తప్పిందే. అయితే దాని పక్కన ఇంకో కథ నిలబడింది, దాని కథానాయకుడు వేస్ట్ కాడు.

ఈ ప్రశ్నలు ఒక్కసారిగా పెద్ద గంతు వేయమని అడగకూడదు. రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ విగోత్‌స్కీ చెప్పినట్టు, పిల్లలు తెలిసినదాని నుంచి తెలుసుకోగలిగినదానికి పెద్దల సాయంతో అంచెలంచెలుగా చేరుకుంటారు. కౌన్సెలర్ ప్రశ్నలు కూడా ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజా లాంటివి. ఒక్క అంతస్తు లేచాకే పై వరస వేస్తారు. 'తెలియదు' అన్న జవాబు పదేపదే వస్తుంటే ఎదుటి మనిషి మొండికేశాడని కాదు, పరంజాలో మెట్ల మధ్య ఎడం ఎక్కువైందని అర్థం.

పై ఉదాహరణలోని తాతయ్య దగ్గర ఇంకో పద్ధతి మొదలవుతుంది. మానవశాస్త్రవేత్త బార్బరా మయర్‌హాఫ్ 1970లలో లాస్ ఏంజిలిస్ వెనిస్ ప్రాంతంలో వృద్ధులైన యూదుల మధ్య పనిచేశారు. అయినవాళ్ళకు దూరమై, తమను ఎవరూ పట్టించుకోవడం లేదన్న బాధతో ఉన్న ఆ ముసలివాళ్ళు సభలు జరుపుకుని, ఒకరి జీవితాన్ని ఒకరికి చెప్పుకుని, తాము ఉన్నామని చాటుకునేవారు. 'గుర్తుచేసుకోవడం' అన్న అర్థమిచ్చే 'రిమెంబర్' అనే ఇంగ్లిష్ మాటలోనే 'మెంబర్', అంటే 'సభ్యుడు', అన్న మాట దాగి ఉందని మయర్‌హాఫ్ గమనించారు. జీవితం ఒక సంఘం లాంటిది, జ్ఞాపకం చేసుకోవడమంటే అందులో సభ్యత్వాలను తిరగరాయడం. వైట్ దీన్ని కౌన్సెలింగ్‌లోకి తెచ్చారు. ఎవరి మాటకు ఈ సంఘంలో ఎక్కువ బరువు ఇస్తున్నారు, ఎవరిని ముందు వరసలో కూర్చోబెడతారు అన్నది మనిషి మళ్ళీ నిర్ణయించుకోవచ్చు. చెయ్యి చేసుకున్న మాస్టారును వెనక వరసకు పంపవచ్చు, చనిపోయిన నాయనమ్మను ముందుకు తీసుకురావచ్చు. ప్రశ్నలు రెండువైపులా ఉంటాయి. తాతయ్య నీకు ఏమిచ్చారు అన్నది సగమే. ఆ రాత్రిళ్ళు నువ్వు పక్కన ఉండటం తాతయ్యకు ఏమిచ్చి ఉంటుంది అన్నది మిగతా సగం, ఎక్కువమంది కన్నీళ్ళు పెట్టుకునేదీ ఇక్కడే.

దుఃఖం విషయంలో ఇది ఒక పెద్ద మలుపు. పోయినవారిని మరిచిపోయి ముందుకు సాగమని సలహా ఇచ్చే రోజుల్లో, 1988లో, వైట్ దానికి ఎదురు వాదన చేశారు. వీడ్కోలు చెప్పలేక కుంగిపోతున్నవారికి, పోయినవారిని మళ్ళీ పలకరించే అవకాశం ఇవ్వమన్నారు. పోయినవారి కళ్ళతో ఇప్పుడు మిమ్మల్ని చూసుకుంటే ఏం కనిపిస్తుంది, మీలో వారు మెచ్చినదేమిటి అని అడగమన్నారు. ఏటేటా తద్దినాలు పెట్టుకుని, పోయినవారి పేరు పిల్లలకు పెట్టుకునే సమాజానికి ఈ ఆలోచన కొత్తగా అనిపించదు.

కథ ఒక్కరి గుండెలో ఉంటే నిలవదు, వినేవాళ్ళు కావాలి. అందుకు సాక్షులను పిలిచే పద్ధతి వచ్చింది. నార్వేకు చెందిన టామ్ ఆండర్‌సన్ 1980లలో ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనక కూర్చుని గమనించే నిపుణులను బయటికి తెచ్చి, కుటుంబం వింటుండగా మాట్లాడించడం మొదలుపెట్టారు. దానికి మయర్‌హాఫ్ సభల ఆలోచన కలిసింది. సాక్షులుగా వచ్చినవారు సలహా ఇవ్వకూడదు, తీర్పు చెప్పకూడదు, జాలిపడకూడదు. విన్నదాంట్లో తమను ఆపిన మాట ఏది, ఆ మాట వింటుంటే ఎలాంటి దృశ్యం మనసులో మెదిలింది, తమ జీవితంలో దేన్ని తాకింది, దానివల్ల తాము ఎక్కడికి వెళ్ళగలిగారు అన్నవే చెప్పాలి. తర్వాత అసలు మనిషి ఆ మాటల మీద మాట్లాడతారు. తన బాధ ఇంకొకరికి ఉపయోగపడిందని వినడం సాంత్వన మాటలు చేయలేని పని చేస్తుంది.

ఎప్‌స్టన్ ప్రత్యేకత ఉత్తరాలు. సెషన్ ముగిశాక కౌన్సెలర్ రాసుకునే నోట్సు సాధారణంగా ఫైల్లోకి పోతుంది, అందులోని మనిషికి అది కనిపించదు. ఎప్‌స్టన్ దాన్ని ఉత్తరంగా మార్చి ఆ మనిషికే పంపారు. అందులో రోగనిర్ణయం ఉండదు. మీరు ఇలా అన్నారు, అది విన్నాక నాకు ఈ ప్రశ్న వచ్చింది అన్న ధోరణిలో, ఎక్కువగా వారి మాటల్లోనే సాగుతుంది. మాట గాలికి పోతుంది, కాగితం దిండు కింద ఉంటుంది. పిల్లలకైతే భయాన్ని లొంగదీసినందుకు ధ్రువపత్రాలు ఇచ్చేవారు. తిండి మానేసి చిక్కిపోయే అనొరెక్సియాతో బాధపడేవారితో ఎప్‌స్టన్ చాలా ఏళ్ళు పనిచేశారు. వాళ్ళు రాసిన ఉత్తరాలను, అనుభవాలను భద్రపరచి, కొత్తగా అదే బాధతో వచ్చేవారికి అందించారు. ఆ విధంగా రోగులనిపించుకున్నవారు ఒకరికొకరు సలహాదారులయ్యారు.

బృందాలతో చేసే పద్ధతుల్లో ఎక్కువగా వ్యాపించింది జీవన వృక్షం. ఎయిడ్స్ వల్ల తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఆఫ్రికా పిల్లలతో పనిచేస్తూ జింబాబ్వేకు చెందిన న్కజెలో న్కుబే, డల్విచ్ సెంటర్‌కు చెందిన డేవిడ్ డెన్‌బరో 2000ల మధ్యలో దీన్ని రూపొందించారు. చావుల గురించి అడిగితే పిల్లలు మళ్ళీ అదే దుఃఖంలో మునిగిపోతున్నారని న్కుబే గమనించారు. అందుకని చెట్టు బొమ్మ వేయిస్తారు. వేర్లు పుట్టిన చోటు, పెద్దలు, చిన్నప్పటి పాటలు. నేల ఇప్పటి దినచర్య. మాను తమకున్న నేర్పులు. కొమ్మలు ఆశలు. ఆకులు తమ జీవితంలో ముఖ్యమైన మనుషులు, బతికున్నా లేకపోయినా సరే. పళ్ళు అందుకున్న కానుకలు. అందరి బొమ్మలూ గోడకు అతికిస్తే ఒక అడవి అవుతుంది. ఆ తర్వాతే తుఫానుల గురించి మాట్లాడతారు. తుఫాను వస్తే జంతువులేం చేస్తాయి, చెట్టు ఎలా నిలబడుతుంది అని. ఈ వరస మార్చడానికి వీల్లేదు. వరదలో కొట్టుకుపోతున్నవాణ్ణి నీళ్ళ లోతు అడగకూడదు, ముందు గట్టు ఎక్కించాలి. మన దేశంలో ముంబయిలోని ఉమ్మీద్ వంటి పిల్లల సంస్థలు కథన పద్ధతుల్లో శిక్షణ ఇస్తున్నాయి.

కథన చికిత్సకు వెలుపల, కథను మార్చడం మీద ఆధారపడిన ఇతర పద్ధతులూ ఉన్నాయి. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ జీవితంలోని గాయాల గురించి రాశారు. జరిగిందీ, దానివల్ల కలిగిన భావాలూ రెండూ రాసినవారు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్ళారు. తర్వాత వచ్చిన వందకు పైగా అధ్యయనాలను కలిపి చూస్తే మేలు నిజమే కాని చిన్నదని తేలింది. రోజులు గడిచేకొద్దీ 'ఎందుకంటే', 'అప్పుడర్థమైంది' వంటి మాటలు పెరిగినవారికి ఎక్కువ లాభం కనిపించడం ఆసక్తికరం. 1982లో టిమోతీ విల్సన్, పట్రీషియా లిన్‌విల్ ఇంకా చిన్న పని చేశారు. మొదటి ఏడాది మార్కులు తగ్గి బెంగపడుతున్న విద్యార్థులకు, ఇది చాలామందికి జరిగేదేనని, తర్వాత మెరుగవుతాయని సీనియర్లు చెప్పే వీడియో చూపించారు. చూడనివారిలో 25 శాతం రెండో ఏడాది చివరికి చదువు మానేస్తే, చూసినవారిలో మానేసింది 5 శాతం. వారికి చదువు చెప్పలేదు, 'నాకు తెలివి లేదు' అన్న వాక్యం స్థానంలో 'ఇంకా అలవాటు పడలేదు' అన్న వాక్యం పెట్టారంతే. జర్మనీలోని కొన్‌స్టాంజ్ పరిశోధకులు యుద్ధ శరణార్థుల కోసం రూపొందించిన పద్ధతిలో తాడు ఒకటి నేలమీద పరుస్తారు. అది జీవితరేఖ. మంచి జ్ఞాపకానికి దాని మీద పువ్వు, చెడ్డ జ్ఞాపకానికి రాయి పెట్టి, పుట్టుక నుంచి వరసగా చెప్పిస్తారు. ముక్కలై తిరిగే భయానక దృశ్యాలకు కాలంలో ఒక చోటు దొరకడం దాని లక్ష్యం.

కథన చికిత్స ఎంతమేరకు పనిచేస్తుంది? దీన్ని నమ్మేవారు చాలాకాలం కొలతలకు దూరంగా ఉన్నారు. మనుషులను కొలబద్దతో చూడటాన్నే ప్రశ్నించే పద్ధతి తనను కొలవనివ్వడానికి వెనుకాడటం సహజమే, కానీ దానివల్ల నష్టం జరిగింది. ప్రవర్తన, ఆలోచనల మీద పనిచేసే సీబీటీ చికిత్సకు ఉన్నంత పరిశోధన బలం దీనికి లేదు. ఆస్ట్రేలియాలో లినెట్ వ్రోమన్స్, రాబర్ట్ ష్వైట్జర్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో తీవ్ర కుంగుబాటు ఉన్న 47 మంది 8 సెషన్లు పూర్తిచేశారు. కుంగుబాటు లక్షణాలు తగ్గాయి, మూడు నెలల తర్వాత కూడా ఆ మేలు నిలిచింది. మనుషుల మధ్య సంబంధాల్లో వచ్చిన మెరుగుదల మాత్రం నిలవలేదు. పోల్చి చూడటానికి చికిత్స లేని బృందం ఇందులో లేదు. మరుసటి ఏడాది అమెరికాలో జొనాథన్ ఆడ్లర్ ఇంకో కోణం నుంచి చూశారు. కాకతాళీయంగా అక్కడా 47 మందే. రకరకాల మానసిక చికిత్సలకు వెళ్తున్న వీరు 12 సెషన్ల పాటు తమ కథ రాస్తూ వచ్చారు. 'నా జీవితం నా చేతిలో ఉంది' అన్న ధోరణి ముందు కథలో పెరిగింది, ఆరోగ్యం ఆ తర్వాత మెరుగుపడింది. కథ చక్కగా, అతుకులు లేకుండా తయారవడానికీ ఆరోగ్యానికీ మాత్రం సంబంధం కనిపించలేదు. అందమైన కథ కంటే తనకు కర్తృత్వం ఉన్న కథ మేలు చేస్తుందన్నమాట.

పరిమితులు తెలియకుండా దీన్ని వాడటం ప్రమాదం. బహిర్గతం చేయడం బాధ్యత తప్పించుకునే సాకు కాకూడదు. భార్యను కొట్టిన మనిషి 'కోపం కొట్టించింది' అంటే కౌన్సెలర్ ఒప్పుకోకూడదు. హింసకు పాల్పడే పురుషులతో పనిచేసిన అడిలైడ్ కౌన్సెలర్ అలన్ జెన్‌కిన్స్ వంటివారు ఇక్కడ గట్టిగా నిలబడ్డారు. హింస అతను చేసినదే. బయటికి తీసి పరిశీలించాల్సింది అతని చేత అది చేయించడానికి వీలిచ్చిన నమ్మకాలను, మగవాడి హక్కన్న భావాన్ని. పేదరికం, కులవివక్ష, కట్నం వేధింపులు కథ మార్చినంత మాత్రాన పోవు. ఆకలి కథనం కాదు. అలాంటిచోట కొత్త కథ చేయగలిగింది, తప్పు తనదేనన్న భారం దించడం, న్యాయం అడగడానికి ఓపిక ఇవ్వడం. తీవ్రమైన కుంగుబాటులో, భ్రమలు కలిగే జబ్బుల్లో మందులు అవసరమవుతాయి, మానసిక వైద్యుల పర్యవేక్షణ ఉండాలి. ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నవారు సెషన్ల కోసం ఎదురుచూడకూడదు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులో కూడా అందుతుంది.

కౌన్సెలర్ వైపు నుంచి వచ్చే ప్రమాదం ఇంకొకటి. తనకు నచ్చిన కథను ఎదుటి మనిషి నోట పలికించాలన్న ఆత్రం. పెళ్ళి నిలబెట్టుకున్న కథే మంచి కథ, క్షమించిన కథే గొప్ప కథ అని మనసులో ముందే ఉంటే ప్రశ్నలన్నీ అటే దారితీస్తాయి. పాత కొలబద్ద పోయి కొత్త కొలబద్ద వస్తుంది. అందుకే ఈ పద్ధతి నేర్పేవారు ప్రతి సెషన్ చివర ఒక ప్రశ్న తప్పక అడగమంటారు: ఇవాళ మనం మాట్లాడినవాటిలో మీకు పనికొచ్చిందేది, పనికిరానిదేది, వచ్చేసారి ఎక్కడినుంచి మొదలుపెడదాం?